పదో తరగతి తర్వాత దారులు చెప్పే బాధ్యత ఎవరిది? విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ

పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, సాంకేతిక విద్య, ఉపాధి శిక్షణ బాధ్యతలు చూస్తున్న ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను కృష్ణా జిల్లా దివిసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు గణితం చెప్పి నిరుడు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఇప్పటికీ సాయంత్రం పూట పదో తరగతి పిల్లలు లెక్కల కోసం మా ఇంటి అరుగు మీదికి వస్తూనే ఉన్నారు. గత రెండేళ్లలో ఒకే విషయం మీద సంబంధిత కార్యాలయాలకు మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదాన్ని తగు చర్య నిమిత్తం మరో కార్యాలయానికి పంపినట్లు రెండు వరుసల కాగితం వచ్చింది. మూడోదానికి ఏ జవాబూ రాలేదు. మీ మీద గౌరవం తగ్గి ఇలా బహిరంగంగా రాయడం లేదు. ఫిబ్రవరి దాటితే ఈ ఏడాది పిల్లలకు కూడా ఆలస్యమైపోతుందన్న భయంతో రాస్తున్నాను.

పదో తరగతి తర్వాత ఏయే చదువులున్నాయో, ఏ చదువు ఏ పనికి దారితీస్తుందో పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ చెప్పే మనిషి ప్రతి ఉన్నత పాఠశాలలో ఒకరు ఉండాలి. ఆ పని ఆయన విధుల్లో రాసి ఉండాలి. నా మూడు అర్జీల్లోనూ ఉన్నది ఇదే. ఇప్పుడు ఆ పని ఎవరి విధుల్లోనూ లేదు. ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణత శాతానికి జవాబు చెప్పుకోవాలి. సబ్జెక్టు టీచర్లు సిలబస్‌కు జవాబు చెప్పుకోవాలి. పరీక్ష రాసి బయటికి వెళ్లిన పిల్ల ఏమైందో ఎవరికీ ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

ఎవరూ చెప్పని ఆ చోటులోకి ఎవరు వస్తున్నారో మీకు తెలియనిది కాదు. డిసెంబరు మొదలైందంటే మా ఊళ్లలో ప్రైవేటు జూనియర్ కళాశాలల మనుషులు మోటారు సైకిళ్ల మీద తిరుగుతారు. వాళ్లను అందరూ పీఆర్వోలంటారు. నిజానికి వాళ్లలో చాలామంది ఆ కళాశాలల్లోనే పాఠాలు చెప్పే అధ్యాపకులు. ఇంతమందిని చేర్పించాలని వాళ్లకు లెక్క పెడతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడే ఒకడు అలా తిరుగుతూ మా గుమ్మం ముందు నిలబడి, నన్ను చూసి తల దించుకున్నాడు. అయితే వాళ్ల చేతి కాగితంలో మా బడి పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల ఫోను నంబర్లు వరుసగా ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? సంక్రాంతిలోపు అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ ఇస్తామంటారు. రెక్కల కష్టం తప్ప మరో ఆధారం లేని తండ్రి ఆ మాటకు లొంగిపోతాడు. పిల్లవాడి భవిష్యత్తు గురించి ఆ ఇంటికి వచ్చి మాట్లాడిన మొదటి మనిషి అతనే, చివరి మనిషీ అతనే. అతను చెప్పే దారులు రెండు: లెక్కలు వస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ.

మా పిల్లల ముందు నిజంగా ఉన్న దారులు రెండేనా? మా దివిసీమలోనే భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా. చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులు, చేపల చెరువులు. చెరువు గట్టు మీద పుట్టి, నీళ్ల రంగు చూసి రొయ్య ఆరోగ్యం చెప్పగల పిల్లలు మా తరగతిలో ఉండేవారు. 2019లో గ్రామ సచివాలయాలకు మత్స్య సహాయకుల ఉద్యోగాలు పడినప్పుడు ఆ డిప్లొమా కూడా అర్హతల్లో ఒకటి. మా ఊరి నుంచి దరఖాస్తు చేయడానికి ఆ డిప్లొమా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. వ్యవసాయ, ఉద్యాన, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లదీ ఇదే సంగతి.

విజయవాడ దగ్గరి సూరంపల్లిలో సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో ప్లాస్టిక్ సాంకేతికతలో మూడేళ్ల డిప్లొమా ఉందని, పదో తరగతి పాసైతే చేరవచ్చని నాకే నలభై అయిదేళ్లు దాటాక తెలిసింది. వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. నేత కుటుంబాల పిల్లలకు ఆ పేరు చెప్పినవారు లేరు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ ఒక్క మాట తెలియక, ‘డిప్లొమా చేస్తే ఇంజనీరు కాలేడు కదా’ అని వెనక్కి తగ్గిన తల్లిదండ్రులను నేను పదుల సంఖ్యలో చూశాను.

ఇక ఐటీఐ. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి నేనూ ఐటీఐ అంటే చదువు రాని పిల్లలు వెళ్లే చోటని అనుకున్నాను, తరగతిలో అలాగే మాట్లాడాను. రైల్వేలో సహాయ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితో పాటు నిర్ణీత ట్రేడుల్లో ఐటీఐ చాలని, ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ పూర్తిచేసిన పిల్లలు పెద్ద కర్మాగారాల్లో స్టైపెండుతో అప్రెంటిస్‌షిప్ చేయవచ్చని, ఆ శిక్షణకు 1961 నుంచి ఒక చట్టమే ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. బి.ఇడి.లోనూ చెప్పలేదు, ఆ తర్వాత మేం హాజరైన శిక్షణ తరగతుల్లోనూ చెప్పలేదు. తెలియని టీచరు తెలియని పిల్లలకు ఏం దారి చూపగలదు?

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో నేను చూసిన నాలుగు సంగతులతో మీ ముందు పెడుతున్నాను. పేర్లు రాయను. ఆ కుటుంబాల గౌరవం నాకు ముఖ్యం.

1. ఎనిమిదో తరగతి నుంచే చెరువుల దగ్గర ఏరేటర్లు, డీజిల్ ఇంజన్లు విప్పి బాగుచేసే పిల్లవాడు ఒకడుండేవాడు. మోటారు చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పేవాడు. లెక్కల్లో మధ్యరకం. తండ్రి కౌలు రైతు. సంక్రాంతికి ముందే అడ్వాన్సు కట్టి పట్నంలో హాస్టలు ఉన్న కళాశాలలో ఎంపీసీలో చేర్చారు. దసరా సెలవులకు వచ్చినప్పుడే ‘టీచర్, నాకు అక్కడ ఊపిరాడడం లేదు’ అన్నాడు. మానేసి ఐటీఐలో చేరతానంటే మొత్తం ఫీజు కట్టేదాకా బదిలీ పత్రం, పదో తరగతి మార్కుల జాబితా ఇవ్వబోమని ఆ కళాశాల చెప్పింది. అప్పటికే వడ్డీకి తెచ్చిన డబ్బు అయిపోయింది. ఆ సర్టిఫికెట్ల కోసమే మిగతా ఏడాది అక్కడే ఉన్నాడు, మొదటి సంవత్సరం నాలుగు పేపర్లు తప్పాడు. ఇప్పుడు రొయ్యల శుద్ధి కేంద్రంలో దినకూలీగా ఐసు మోస్తున్నాడు. ఆ అప్పు తీర్చడానికి వాళ్లమ్మ కూడా అదే కేంద్రానికి తెల్లవారుజామున వ్యానులో వెళ్తుంది. పదో తరగతి చదువుతుండగా ఒక్కరోజు ఆ పిల్లవాడిని ఐటీఐ వర్క్‌షాపులో నిలబెట్టి ఉంటే వాడు అక్కడి నుంచి కదిలేవాడు కాదని నాకు గట్టి నమ్మకం.

2. నౌకాదళంలో అధికారి కావాలని ఆరో తరగతి నుంచి చెప్పిన అమ్మాయి ఒకరు. 2022 నుంచి జాతీయ రక్షణ అకాడమీలో ఆడపిల్లలు కూడా చేరుతున్నారని పేపరులో చదివి ఆ కత్తిరింపు నోటుపుస్తకంలో దాచుకుంది. దగ్గర్లో ఉన్న కళాశాలలో సీటు దొరికిందని సీఈసీలో (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం) చేరింది. ఆ అకాడమీలో నౌకాదళం, వాయుసేన విభాగాలకు ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలన్న సంగతి రెండో సంవత్సరం చివర్లో దరఖాస్తు నింపుతుంటే తెలిసింది. సీఈసీ మంచి గ్రూపే. దాంతో సీఏ వైపు వెళ్లవచ్చు, న్యాయవిద్య చదవవచ్చు, డిగ్రీ చదివి పోటీ పరీక్షలు రాయవచ్చు. ఆ పిల్ల కోరుకున్న తలుపు మాత్రం దాంతో తెరుచుకోదు. చేరిన రోజున ఆ ఒక్క వాక్యం చెప్పేవారు లేకపోయారు.

3. మా బడిలో ఒక ఏడాది మొదటి స్థానం వచ్చిన అమ్మాయి. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం ట్రిపుల్ ఐటీ అనేది, 2008లో పెట్టిందే ఇలాంటి గ్రామీణ పిల్లల కోసం. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ఆరేళ్ల చదువు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ. ఆ మార్కులకు నూజివీడులో సీటు వచ్చే అవకాశం బాగా ఉండేది. నోటిఫికేషన్ వచ్చే వేళకు బడికి వేసవి సెలవులు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనిలో ఉంది. గడువు దాటిన తర్వాత నాకు తెలిసింది. అప్పటి నుంచి నోటిఫికేషన్లన్నీ నా ఫోనులో గుర్తు పెట్టుకుంటున్నాను. ఆ అమ్మాయి పెళ్లి మాత్రం పద్దెనిమిది నిండిన నెలలోనే అయిపోయింది.

4. పదో తరగతి తప్పిన పిల్లల గురించి మాట్లాడేవారే లేరు. వెల్డరు, వైర్‌మ్యాన్ వంటి కొన్ని ఐటీఐ ట్రేడులకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు. సార్వత్రిక పాఠశాల ద్వారా మళ్లీ పరీక్ష రాయవచ్చు. ఈ రెండు మాటలు అందని పిల్లలు మే నెలలోనే వలస బస్సెక్కుతున్నారు.

అయ్యా, అమ్మా, ఇవి ఒక్క బడి సంగతులు. మీ దగ్గర జిల్లాల లెక్కలుంటాయి. మా ఒక్క ఊరి బడి చుట్టూనే ఇన్ని ఇళ్లు దెబ్బతింటే రాష్ట్రమంతటా ఎన్ని ఉంటాయో ఆలోచించమని వేడుకుంటున్నాను. పిల్లవాడు తనకు సరిపడని చదువులో చిక్కుకుంటే నష్టపోయేది మార్కుల జాబితా ఒక్కటే కాదు. ఆ ఇంటి బంగారం తాకట్టుకు వెళ్తుంది. తమ్ముడి చదువు ఆగుతుంది. కొన్ని ఇళ్లలో పిల్లలే మిగలలేదు. కార్పొరేట్ కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేసింది 2001లో. 2019లో పొరుగున తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతిసారీ కమిటీలు, హెల్ప్‌లైన్ నంబర్లు ఫలితాల వేళకు వస్తున్నాయి. పిల్ల గ్రూపు ఎంచుకునే వేళకు ఎవరూ రావడం లేదు.

నేను కోరుతున్నది కొత్త ఆలోచన కూడా కాదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్, 1964-66 నాటి కొఠారి కమిషన్ రెండూ ఉన్నత పాఠశాలల్లో మార్గదర్శక సేవలు ఉండాలన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊరి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి దగ్గర పని నేర్చుకోవాలంది. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో తీర్పు చెబుతూ, దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరు కనీసం ఒకరైనా ఉండాలని, పిల్లలకూ తల్లిదండ్రులకూ భవిష్యత్తు చదువుల మీద క్రమం తప్పకుండా సలహా ఇవ్వాలని అందులో ఉంది. చట్టం వచ్చేదాకా అవి అమలు కావలసినవే. మా మండలంలో ఆ కౌన్సెలరును నేను ఇంతవరకు చూడలేదు.

కాబట్టి నా కోరికలు ఇవి.

1. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడిని లేదా ఉపాధ్యాయురాలిని పేరుతో సహా ఈ పనికి నియమించండి. ఉన్న పని మీద మరో పని రుద్దవద్దు. వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించి ఆ సమయం దీనికి ఇవ్వండి. ఐటీఐ, పాలిటెక్నిక్, జిల్లా ఉపాధి కార్యాలయం మనుషులతో శిక్షణ ఇప్పించండి. ఎనిమిదో తరగతి నుంచి వారానికి ఒక పీరియడు టైంటేబుల్‌లో వేయండి. గోడ మీద చార్టు అంటించి వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను బడిలో అంటించిన చార్టులో ఒక ప్రవేశ పరీక్ష తేదీ పాతబడిపోయి, దాన్ని నమ్మిన పిల్లవాడు గడువు దాటించుకున్నాడు. ఒక టీచరు సొంత ఆసక్తితో చేసే పని ఆ టీచరుకు బదిలీ అయిన రోజున ఆగిపోతుంది.

2. సంక్రాంతి సెలవులకు ముందే పదో తరగతి పిల్లలందరికీ తెలుగులో ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. ఏ గ్రూపుతో ఏ తలుపు తెరుచుకుంటుంది, ఏది మూసుకుంటుంది, జిల్లాలో ఏ ప్రభుత్వ సంస్థలో ఎన్ని సీట్లున్నాయి, ఫీజు ఎంత, హాస్టలు ఉందా, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ ఎప్పుడు, కుల, ఆదాయ, స్థానికత పత్రాలు ఎప్పటిలోగా తీసుకోవాలి, ఆధార్‌లో పేరు తేడా ఉంటే ఎక్కడ దిద్దించుకోవాలి. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి సీటు చేజారిన పిల్లలు ఉన్నారు.

3. తొమ్మిదో తరగతిలో మూడు రోజులు పిల్లలను బయటికి తీసుకెళ్లండి. ఒకరోజు ఐటీఐ, ఒకరోజు పాలిటెక్నిక్, ఒకరోజు వాళ్ల ఇష్టాన్ని బట్టి ఆసుపత్రి, బ్యాంకు, కోర్టు, చేపల హేచరీ, ఏదైనా సరే. ఆర్టీసీ బస్సు అద్దె తప్ప పెద్ద ఖర్చు లేదు. ఆడపిల్లలను తప్పకుండా వర్క్‌షాపుల్లోకి తీసుకెళ్లండి. ఆ ట్రేడులు తమవి కావని వాళ్లు చిన్నప్పుడే అనుకుని ఉంటారు.

4. తల్లిదండ్రుల సమావేశాలు పని దినాల్లో పగటి పూట పెట్టవద్దు. ఆ రోజు కూలి పోతుందని రారు. రాని తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని మేం రిజిస్టరులో రాసుకుంటాం. రాత్రి ఏడు గంటలకు ఊరి రచ్చబండ దగ్గర పెట్టిన ఒక సమావేశానికి నాలుగు పేటల నుంచి జనం వచ్చారు. తల్లులు అడిగిన ప్రశ్నలకు మాకు జవాబులు చాలలేదు.

5. పిల్లల పేర్లు, ఫోను నంబర్లు బయటికి ఎలా వెళ్తున్నాయో విచారణ చేయించండి. పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా ఇంటింటి ప్రచారాన్ని, ముందస్తు వసూళ్లను ఆపండి. చేరిన మొదటి రెండు నెలల్లో పిల్లవాడు గ్రూపు మారాలన్నా, కళాశాల మానేయాలన్నా వారం రోజుల్లో సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలని, చదివిన రోజులకు మించి ఫీజు అడగరాదని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ఫిర్యాదు చేయడానికి మండల స్థాయిలో ఒక అధికారి ఉండాలి. విజయవాడ దాకా వచ్చి నిలబడే శక్తి కౌలు రైతుకు లేదు.

6. బడి విడిచిన ప్రతి పిల్ల జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఎక్కడుందో ఫోను చేసి కనుక్కోండి. తప్పినవారిని ముందు పలకరించండి. ఆ జాబితాను ఉత్తీర్ణత శాతం పక్కనే ప్రకటించండి.

7. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్ల నియామకం ఎంతవరకు వచ్చిందో జిల్లాల వారీగా వెల్లడించండి. ఒక్కో బడికి ఒక్కరిని ఇవ్వలేకపోతే మండలానికి ఇద్దరిని ఇచ్చి మొదలుపెట్టండి.

వీటిలో డబ్బు అవసరమయ్యేవి రెండు మూడే. మిగిలినవి ఒక ఉత్తర్వుతో, ఒక టైంటేబుల్ మార్పుతో అయ్యేవి. నాలుగు శాఖలు కలిసి కూర్చోవాలి. ఇప్పుడు జూనియర్ కళాశాల ఒక శాఖకింద, పాలిటెక్నిక్ మరో శాఖకింద, ఐటీఐ ఇంకో శాఖకింద, మత్స్య పాలిటెక్నిక్ ఒక విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. ఎవరి నోటిఫికేషన్ వారిది, ఎవరి వెబ్‌సైటు వారిది. పదిహేనేళ్ల పిల్ల ఈ నాలుగు గుమ్మాలూ ఒక్కతే ఎక్కి దిగాలని ఎదురుచూడడం న్యాయం కాదు.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు లైన్‌మన్లు, నర్సులు, పడవ ఇంజను మెకానిక్కులు, బ్యాంకు ఉద్యోగులు. వాళ్లను నెలకొకరిని బడికి పిలవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. మేం పిలిచినప్పుడు రైల్వేలో పనిచేసే మా పూర్వ విద్యార్థి ఒకరు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. పిల్లలు గంటన్నర కదలకుండా కూర్చున్నారు.

అధికారులకు నా విన్నపం. ఈ లేఖకు జనవరి పదో తేదీలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏ కోరిక ఒప్పుకుంటారు, ఏది ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అన్నది రాయండి. మా అరుగు మీద ఈ ఏడాది పదకొండు మంది ఉన్నారు. అందులో ముగ్గురి ఇళ్లకు ఇప్పటికే మోటారు సైకిళ్లు వచ్చి వెళ్లాయి. అడ్వాన్సు ఇంకా కట్టలేదు.

ఇట్లు,
దివిసీమ నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు